ఇంట్లో అందరం కలిసి హాయిగా ఉండాలని చార్టు అంటించాను, ఉన్న హాయి కూడా పోయింది. మీరేం చేస్తారు?

బరంపురం కోడలు

అందరికీ నమస్కారం. ఇదేం పెద్ద సమస్య కాదు, నవ్వుకున్నా పర్లేదు, కానీ రెండు నెలలుగా మనసులో నలుగుతోంది కాబట్టి అడిగేస్తున్నా.

మేము ఒడిశాలోని బరంపురంలో ఉంటాం, ఐదుగురం. మా ఆయనకి బట్టల కొట్టు, రాత్రి తొమ్మిదిన్నరకి గాని షట్టరు దించరు. అత్తయ్యగారికి 68, సుగరుంది, మోకాళ్ళ నొప్పులు. బాబు తొమ్మిది, పాప నాలుగు (తరగతులు, వయసులు కాదు). నేను ఒక స్కూలు ఆఫీసులో చేస్తాను. సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళినప్పుడు మా వదిన వాళ్ళింట్లో ఫ్రిజ్ మీద చార్టు చూసి నాకూ ఊపొచ్చింది. వచ్చిన మర్నాడే అట్ట మీద రంగు పెన్నులతో రాసి అంటించా. పొద్దున్న ఐదున్నరకి నడక, టీలో పంచదార బంద్, రాత్రి ఎనిమిది తర్వాత ఫోన్లు బీరువాలో, ఆదివారం బయటికి. పదకొండు రోజులు నడిచింది. పన్నెండో రోజు పొద్దున్న లేచి చూస్తే చార్టు కింద పాప చిన్నగా "అమ్మ కోపం తగ్గించాలి" అని రాసి ఉంది, అది కూడా ఒడియాలో.

సరే ఇల్లు కుదరకపోతే బయటన్నా అని గోపాలపూర్ బీచ్‌కి తీసుకెళ్ళా. పదిహేను కిలోమీటర్లే కదా అని తీరిగ్గా బయల్దేరేసరికి పదకొండు. ఎండ మాడ్చేస్తోంది. ఇసకలో అత్తయ్యగారి కాళ్ళు దిగబడిపోయి వెనక్కి కార్లోకి వెళ్ళి కూర్చున్నారు. ఈయనకి కొట్టు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. బాబు ఫోన్లోంచి తల ఎత్తితే ఒట్టు. పాప అలల్లోకి పరిగెత్తింది, అక్కడ సముద్రం కాళ్ళ కింద ఇసకని ఎలా లాగేస్తుందో తెలిసినవాళ్ళకి తెలుసు, నేను పెట్టిన కేకకి చుట్టుపక్కలవాళ్ళు కూడా తిరిగి చూశారు. వచ్చేటప్పుడు కార్లో ఎవరూ మాట్లాడలేదు. దారిలో ఒక గుడిసె హోటల్ దగ్గర ఆపి టీ తాగాం, అంతే.

నాకు తెలియక అడుగుతున్నా, మీ ఇళ్ళల్లో అందరూ కలిసి సరదాగా ఎలా ఉంటున్నారు? ఆరోగ్యం కూడా చూసుకోవాలి కదా, వదిలేయలేను.

సిరొంచ పిల్ల

అక్కా, ఐదున్నరకి నడక అని మా ఇంట్లో రాస్తే ఆ చార్టుతోనే పొయ్యి ముట్టించేవారు. మాకు సముద్రం లేదు, ప్రాణహిత నది ఉంది, కానీ గొడవలు మాత్రం సేమ్. మా వాళ్ళు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఫోన్లో హిందీ, కాబట్టి మూడు భాషల్లో పోట్లాడుకుంటాం. ఎవరైనా ఉపాయం చెబితే నేనూ రాసుకుంటా.

పర్లాకిమిడి మాస్టారు

అమ్మా, ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి టైం టేబుళ్ళు రాసినవాణ్ణి, కాబట్టి ఈ మాట చెప్పే హక్కు నాకుంది. నీ చార్టులో నువ్వు చెప్పినవి నాలుగున్నాయి, వాళ్ళు అడిగినది ఒక్కటీ లేదు. అది ఇంటి చార్టు కాదు, హెడ్మాస్టరు సర్క్యులరు.

నేను రిటైరైన కొత్తలో ఇదే తప్పు చేశాను. ఇంట్లో ఖాళీగా ఉన్నాను కదా, అందర్నీ బాగుచేద్దామని కూర్చున్నా. మా ఆవిడ ఊరగాయ ఎందుకు తగ్గించాలో గోడ మీద రాశాను. మనిషికి రోజుకి ఉప్పు ఐదు గ్రాముల లోపు ఉండాలంటారు, అంటే ఒక చిన్న చెంచాడు, అన్నీ కలిపి. ఆవకాయ తినే ఇంట్లో అది పొద్దున్నే అయిపోతుంది. లెక్క కరెక్టే, కానీ నేను గోడ మీద రాసిన వారం ఆవిడ నాతో మాట్లాడలేదు. తర్వాత గోడ తుడిచేసి కూరలు తరగడం మొదలుపెట్టాను. పక్కన కూర్చుని వంకాయలు కోస్తుంటే "ఉప్పు ఇంత చాలా?" అని ఆవిడే అడిగింది. ఇప్పుడు కూరలో తగ్గింది, ఊరగాయ మధ్యాహ్నం ఒక్కపూటే.

మీ అత్తగారిది ఏ ఊరో రాయలేదు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు అయితే ఆవిడకి తెలుగు చదవడం రాయడం బాగా వచ్చి ఉంటుంది. పాపకి తెలుగు అక్షరాలు వచ్చా? మా వైపు పిల్లలకి మాట వస్తుంది, అక్షరం రాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉండి మా మనవడు తాతకి ఉత్తరం ఒడియా లిపిలో రాశాడు, తెలుగు మాటలతో! కోపం రాలేదు గాని గుచ్చుకుంది. అప్పటి నుంచి సంతకి వెళ్ళే చీటీ వాడు రాస్తాడు, మామ్మ చెబుతుంది. "బెండకాయ"లో బ కి ఎ కారం ఎలా పెట్టాలో ఆవిడ చూపిస్తుంది, వాడేమో ఆవిడకి ఫోన్లో ఫొటో పంపడం నేర్పాడు. రోజుకి పది నిమిషాలు. దానికి పేరేం పెట్టలేదు, పెడితే ఆగిపోతుందని నా భయం.

బరంపురం కోడలు

మాస్టారూ, హెడ్మాస్టరు సర్క్యులరు అనే మాట మా ఆయనకి చదివి వినిపించా, పొట్ట పట్టుకుని నవ్వారు, నాకు ఒళ్ళు మండింది. అత్తయ్యగారిది సోంపేటేనండి. పాపకి తెలుగు అక్షరాలు రావు, నిజమే.

ఒక మాట రాయడం మర్చిపోయా. ఆ రోజు రాత్రి అత్తయ్యగారు "టీ దగ్గర బావుందమ్మా, అక్కడ ఇంకాసేపు కూచోవలసింది" అన్నారు. నాకప్పుడు ఇంకా కోపం వచ్చింది, అంత ఖర్చు పెట్టి తీసుకెళ్తే టీ బావుందా అని.

గుణుపురం కుర్రాడు

అక్కా, ముసలమ్మగారు జవాబు చెప్పేశారు కదా, ఇంకెందుకు థ్రెడ్డు?

మీ అబ్బాయి తరఫున రెండు మాటలు చెప్తా, నాకు పంతొమ్మిది, ఆ వయసు నిన్నమొన్ననే దాటా. తొమ్మిదో తరగతిలో అమ్మానాన్నలతో బీచ్‌కెళ్ళడం అంటే స్నేహితులెవరైనా చూస్తారేమో అనే భయమే సగం. ఫోన్లో ఏదో గొప్ప పని చేస్తున్నామని కాదు, తల దించుకోవడానికి ఒక చోటు అంతే. మా నాన్న నన్ను తిట్టలేదు, ఒకసారి రాయగడ నుంచి కోరాపుట్ వెళ్ళే బండికి టికెట్లు, టైములు, తిండి మొత్తం నువ్వే చూడు అని డబ్బు చేతికిచ్చేశారు. ఒక పూట భోజనం మర్చిపోయా, అరటిపళ్ళతో సరిపెట్టుకున్నాం, ఎవరూ ఏమనలేదు. ఆ లైన్లో సొరంగాల మీద సొరంగాలు, చెల్లీ నేనూ లెక్కపెట్టాం, నా లెక్కకీ దాని లెక్కకీ మూడు తేడా, ఇప్పటికీ ఎవరిది కరెక్టో తేలలేదు. ఆ రోజు ఫోను చార్జింగ్ అయిపోయిన సంగతి కూడా రాత్రి వరకూ చూసుకోలేదు.

కాబట్టి వాడికి ఫోను మానమని చెప్పకండి, ఫోనుతో చేసే పని ఒకటి చెప్పండి. ఇంకోటి, ప్రతిసారీ ఐదుగురూ ఉండి తీరాలని రూలు పెట్టుకోకండి. ఒకసారి వాడు రాకపోతే కొంపేం మునగదు.

కోరాపుట్ నర్సు

కుర్రాడు బాగా చెప్పాడు. నేను ఆరోగ్యం సంగతి చెప్తాను, ఎందుకంటే కోడలమ్మ అడిగింది అది కూడా, జనం దాన్ని వదిలేస్తున్నారు.

పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి శ్రమ, పిల్లలకి రోజుకో గంట ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది. అది ఐదున్నరకే అవ్వాలని ఎవరూ చెప్పలేదమ్మా. సుగరున్నవాళ్ళకి భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాలు మెల్లగా నడిస్తే తిన్న తర్వాత పెరిగే సుగరు కాస్త అదుపులో ఉంటుంది, కాబట్టి అత్తగారికి రాత్రి భోజనం తర్వాత మేడ మీదో వరండాలోనో నడక పెట్టండి, పాప చెయ్యి పట్టుకుంటే పాపకీ నడకే. మోకాళ్ళు నొప్పి అని కదలకుండా కూర్చుంటే తొడ కండరాలు బలహీనపడి నొప్పి ఇంకా పెరుగుతుంది. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడం, కూర్చోవడం, ఐదు సార్లతో మొదలు, మొదట్లో పక్కన ఒకరుండాలి. వాపు, వేడి ఉంటే మాత్రం ముందు డాక్టరుకి చూపించాలి.

చోడి (రాగి) అంబలి మంచిదని ఇప్పుడు అందరూ అంటున్నారు. మంచిదే, చోళ్ళలో కాల్షియం వంద గ్రాములకి 300 మిల్లీగ్రాముల పైనే, బియ్యానికి దానికి పోలికే లేదు. మా కోరాపుట్ వైపు ఎప్పటి నుంచో తాగేదే. కానీ అదీ పిండిపదార్థమే, సుగరున్న మనిషి "ఇది ఆరోగ్యం" అనుకుని పెద్ద చెంబుడు తాగితే సుగరు పెరుగుతుంది. ఒక గ్లాసు, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకుని, అన్నం అంత తగ్గించి. టీలో పంచదార ఒక్కసారే బంద్ చేయకండి, ఇంటిల్లిపాదికీ రోజుకి కాస్త తగ్గించండి, నెలకి నాలుక మర్చిపోతుంది.

మోకాళ్ళ నొప్పులని మీ దగ్గర చాలామంది తప్తపాణి వేడినీళ్ళ ఊటకి తీసుకెళ్తారు. వెళ్ళండి, బావుంటుంది, చుట్టూ అడవి, బరంపురం నుంచి యాభై కిలోమీటర్లు ఉంటుందేమో. కానీ సుగరు ఎన్నాళ్ళ నుంచో ఉంటే పాదాలకి స్పర్శ తగ్గుతుంది, నీళ్ళు ఎంత వేడో ఆవిడకి తెలియదు, బొబ్బలెక్కాక తెలుస్తుంది. ముందు మీ మోచెయ్యి ముంచి చూడండి. ఒకావిడకి పండక్కి వెళ్ళొచ్చి రెండు నెలలు డ్రెస్సింగ్ చేశాను, అందుకే ఇంత చెప్తున్నా. ఇసక మీద చెప్పుల్లేకుండా నడవడం కూడా ఆవిడకి వద్దు.

రంభ రైలు

గోపాలపూర్ తప్పేం లేదు, టైము తప్పు. సాయంత్రం నాలుగున్నరకి వెళ్ళండి, అత్తగారికి ఒడ్డున ఉన్న రోడ్డు పక్కనే కుర్చీ వేయండి, ఇసకలోకి దింపకండి, నీళ్ళలోకి ఎవరూ మోకాళ్ళు దాటి వద్దు. లేదా రంభ రండి. చిలికా సరస్సు ఒడ్డు, అలలుండవు, చెక్క పడవెక్కి అరగంట తిరగొచ్చు, చలికాలం అయితే పక్షులు. కార్లో కాకుండా ప్యాసింజర్ బండిలో రండి, ఎవరూ డ్రైవింగ్ చేయక్కర్లేదు కాబట్టి మీ ఆయన కూడా మనిషిలా కూర్చుంటారు.

ఫిబ్రవరి, మార్చిలో రుషికుల్యా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ప్రతి ఏడాదీ అన్నే రావు, ఒక్కోసారి రానేరావు. నెలన్నర తర్వాత పిల్లలు బయటికొస్తాయి. వెళ్తే టార్చి, ఫోన్ లైటు వెయ్యొద్దని పిల్లలకి ముందే చెప్పండి, వెలుగు చూసి అవి సముద్రం వదిలేసి ఊరివైపు పాకుతాయి. మా ఇంట్లో ఫోన్లు వాటంతటవే జేబులోకి వెళ్ళిన రాత్రి అదొక్కటే.

బరంపురం కోడలు

మూడు వారాల తర్వాత రాస్తున్నా, ఏమనుకోకండి, మార్చి నెల స్కూలు ఆఫీసు ఎలా ఉంటుందో మాస్టారికి తెలుసు.

చార్టు చింపేశా. చింపుతుంటే పాప వద్దని దాని వెనకవైపు తీసుకుంది, ఇప్పుడు కూరల చీటీలు దాని మీదే. నిన్న "తోటకూర" అని రాయమంటే "టోటకూర" అని రాసింది, అత్తయ్యగారు టమాటా తెప్పిస్తావేంటే అని ఏడిపిస్తున్నారు. రాత్రి భోజనం తర్వాత మేడ మీద వాళ్ళిద్దరి నడక. నేను పిలవడం లేదు, పాపే చెప్పులు తెచ్చి పెడుతోంది. కుర్చీ వ్యాయామం మాత్రం అత్తయ్యగారు రెండు రోజులు చేసి మానేశారు, మళ్ళీ అడగాలంటే భయంగా ఉంది, సర్క్యులరు అవుతుందేమోనని.

మొన్న ఆదివారం బాబుకి డబ్బిచ్చి రంభ నువ్వే తీసుకెళ్ళు అన్నాం. బండి టైము తప్పుగా చూశాడు! స్టేషన్‌లో గంటన్నర కూర్చున్నాం. నా నోరు ఊరుకోలేదు, సగం మాట వచ్చేసింది, మా ఆయన కాలు తొక్కారు. ఆ గంటన్నరలో మరమరాల్లో ఉల్లిపాయలు కలిపించుకుని తిన్నాం. ఈయన చిన్నప్పుడు ఇదే స్టేషన్‌లో తప్పిపోయిన కథ అత్తయ్యగారు చెప్పారు, పదహారేళ్ళ కాపురంలో నేనెప్పుడూ వినలేదు. బాబు తల ఎత్తి విన్నాడు, మధ్యలో రెండు ప్రశ్నలు కూడా వేశాడు. రంభలో పడవ ఎక్కేసరికి చీకటి పడుతుందని పావుగంటే తిప్పాడు.

టార్చి లేకుండా తాబేళ్ళ దగ్గరికి వెళ్ళాలంటే చీకట్లో అత్తయ్యగారు ఎలా నడుస్తారండి, రంభ రైలు గారూ? ఆవిడే అడగమన్నారు.