పాత ఆడియో సీడీల కాపీకి కమాండ్ లైన్ అవసరమా?

రాజోలు పాఠకుడు:
మా ఊరి గ్రంథాలయంలో తిరునాళ్ల హరికథలు, పద్య నాటకాలు రికార్డు చేసిన ఆడియో సీడీలు బీరువా నిండా ఉన్నాయి. గోదావరి చెమ్మకి అట్టలు బూజు పట్టాయి కానీ డిస్కులు ఇంకా పాడుతున్నాయి. లినక్స్ కంప్యూటరు ఉంది. టెర్మినల్‌లో సీడీఆర్‌డీఏఓ అనే, కమాండ్లు టైపు చేసి నడిపే సీడీ ప్రోగ్రాముతో కాపీ చేద్దామని ఒకరు, బటన్లు నొక్కి అదే పని చేసే కే3బీ ఉండగా ఆ బాధెందుకని ఇంకొకరు. మీరేమంటారు?

భీమవరం మెకానిక్:
కే3బీయే వాడండి. లోపల అది పిలిచేదీ సీడీఆర్‌డీఏఓ లాంటి ప్రోగ్రాములనే. రేపు ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు, నల్ల తెర చూస్తేనే వాళ్లకి టెన్షన్.

పాలకొల్లు మాస్టారు:
మెకానిక్ గారూ, లోపలిది అదేనండి, కాదనను. కానీ హరికథ సినిమా పాటల సీడీ లాంటిది కాదు. దాసుగారు పద్యం ఎత్తుకుని వచనంలోకి దిగే చోటే ట్రాక్ మారుతుంది. ఒక్కో ట్రాకునీ విడిగా రాసే ట్రాక్-ఎట్-వన్స్ పద్ధతిలో అయితే ట్రాకుకీ ట్రాకుకీ మధ్య లేజరు ఆగి, మామూలుగా 2 సెకన్ల ఖాళీ పడుతుంది. రాగం మధ్యలో తెగితే వినలేం. సీడీఆర్‌డీఏఓ మొత్తం డిస్కును ఒకే ఊపున రాస్తుంది. కే3బీలోనూ ఆ ఆప్షన్ ఉంది, అయితే ఎవరో ఒకరు దాన్ని మార్చేస్తే తెలియదు. కమాండు ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి, ఎవరు కూర్చున్నా అదే పని జరుగుతుంది.

ముందు దాని రీడ్-సీడీ కమాండుతో పాత డిస్కును చదివించండి. ధ్వని అంతా ఉండే ఒక బిన్ ఫైలు, ఏ ట్రాక్ ఎక్కడ మొదలైందో చెప్పే టీఓసీ ఫైలు వస్తాయి. గీతలున్న చోట మళ్లీ మళ్లీ చదువుతుంది, కంగారు పడొద్దు. 80 నిమిషాల డిస్కు 800 ఎంబీ దాటినా అనుమానం వద్దు: డేటా సీడీలో సెక్టారుకి (డిస్కులో ఒక ముక్కకి) 2048 బైట్లే లెక్క, ఆడియోలో 2352. బైట్లను ఉన్నదున్నట్టు కాపీ చేసే డీడీ కమాండుతో మాత్రం ప్రయత్నించకండి, ఆడియో సీడీ దానికి లొంగదు. రాసే ముందు సిమ్యులేట్ (నిజంగా రాయకుండా చేసే రిహార్సల్) పెట్టి చూడండి. అసలు రాసేటప్పుడు యూపీఎస్ ఉండాలి. మధ్యలో కరెంటు పోతే ఆ డిస్కు పారేయడమే.

అమలాపురం పాతపాటలు:
ఆయ్, అసలు మళ్లీ సీడీలెందుకండి? రాసే సీడీలో ఉండేది రంగు పొర, ఎండకీ వేడికీ పాడవుతుంది. నాణ్యత తగ్గకుండా కుదించే ఫ్లాక్ ఫైళ్లుగా చేసి రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టండి. ఆ బిన్ ఫైలు నేను వేరే ప్రోగ్రాములో తెరిస్తే ఒకటే గర గర శబ్దం.

పాలకొల్లు మాస్టారు:
గర గర పాడైనందుకు కాదండి. సీడీఆర్‌డీఏఓ ఆడియో బైట్లను తిరగేసిన వరసలో దాస్తుంది. దాంతో పాటే వచ్చే టీఓసీ2క్యూలో బైట్లు మార్చే ఆప్షన్ పెడితే సరిపోతుంది. హార్డ్ డిస్కు మాటకి ఒప్పుకుంటున్నాను, భద్రం చేయాల్సింది ఆ బిన్, టీఓసీ జంటనే. ఫ్లాక్ అందులోంచి ఎప్పుడైనా తీసుకోవచ్చు. సీడీ ప్లేయరే ఉన్న పెద్దవాళ్లు అడిగితే డిస్కు రాసివ్వాలి కదా, దానికీ ఆ జంటే కావాలి.

భీమవరం మెకానిక్:
హరికథల వరకు మీ మాటే సరే మాస్టారూ. డేటా సీడీలకు మాత్రం నా ఓటు కే3బీకే, అక్కడ ట్రాకుల గొడవ లేదు. రాజోలు గారూ, ముందు బాగా గీతలు పడ్డ డిస్కుతో మొదలుపెట్టండి. అవి ఈ వానాకాలం దాటతాయన్న నమ్మకం లేదు.