అన్నయ్య మోకాలు దెబ్బతింది: 30 శాతం వైకల్యం అంటే పరిహారమూ అంతేనా?

స్రవంతి_కె

నమస్తే అండీ. మా అన్నయ్యకి 34 ఏళ్లు, టైల్స్ వేసే మేస్త్రీ. నాలుగు నెలల కిందట బండి మీద పనికి వెళ్తుంటే పక్క రోడ్డులోంచి ఒక కారు చూసుకోకుండా వచ్చి గుద్దేసింది. కుడి మోకాలి కింద ఎముక విరిగి ప్లేటు, స్క్రూలు వేశారు. ఇప్పుడు కర్ర లేకుండానే నడుస్తున్నాడు కానీ మోకాలు సగానికి మించి వంగదు. గొంతుక్కూర్చోలేడు. టైల్స్ పనంతా గొంతుక్కూర్చునే కదా చేసేది. ఇంట్లో వదిన, ఇద్దరు పిల్లలు.

ఇంకొన్నాళ్లు ఆగాక వైకల్యం సర్టిఫికెట్ ఇస్తాం, 30 శాతం దాకా రావచ్చు అన్నారు డాక్టరు గారు. ఈలోపు కారు యజమాని తరఫున అంటూ ఒకాయన ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. మూడు లక్షలు ఇస్తాం, 30 శాతానికి కోర్టులో కూడా ఇంతకంటే రాదు అంటాడు. స్టాంపు కాగితాలు కూడా వెంట తెచ్చాడు. పైగా, నడిపిన కుర్రాడికి లైసెన్స్ లేదు కాబట్టి ఇన్సూరెన్స్ వాళ్లు పైసా ఇవ్వరట. అన్నయ్యకి హెల్మెట్ లేదు. మేమంతా ఆస్పత్రిలో ఉండిపోవడంతో ఎఫ్‌ఐఆర్ నాలుగు రోజులు ఆలస్యమైంది. ఇవన్నీ ఏకరువు పెట్టి భయపెడుతున్నాడు. అన్నయ్య సగం ఒప్పేసుకున్నాడు. ఏం చేయమంటారు?

రవి_97

వచ్చింది తీసుకోండి మేడమ్. కోర్టంటే ఏళ్లకేళ్లు వాయిదాలు. చేతిలో పడిన డబ్బే డబ్బు.

పాత_గుమాస్తా

అమ్మా, ముందు ఆ స్టాంపు కాగితం మీద మీ అన్న సంతకం పడకుండా చూడండి. మిగతాది నిదానంగా చదువుకోవచ్చు.

నేను వకీలును కాను. యాక్సిడెంట్ కేసులు చూసే వకీలు గారి దగ్గర గుమాస్తాగా జుట్టు నెరిసినవాణ్ణి. ఆ కేసు కాగితాల కట్టలన్నీ మోసినవాడిగా చెప్తున్నాను, సర్టిఫికెట్‌లో అంకె చూసి బేరం మొదలుపెట్టేవాడు మీ మేలు కోరి రాలేదు.

డాక్టరు రాసే 30 శాతం కాలి సంగతి. ట్రిబ్యునల్, అంటే యాక్సిడెంట్ పరిహారం కేసులు చూసే కోర్టు, తేల్చాల్సింది ఆ కాలు వల్ల మీ అన్న సంపాదనలో ఎంత పోయిందన్నది. ఈ రెండూ ఒకటి కావని రాజ్‌కుమార్, అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది. ఎడమ చెయ్యి పోయినవాడు డ్రైవరో వడ్రంగో అయితే సంపాదించే శక్తి దాదాపు పూర్తిగా పోయినట్టే, అదే ప్రభుత్వాఫీసులో గుమాస్తా అయితే ఉద్యోగం నిలబడొచ్చు అని ఉదాహరణ కూడా ఇచ్చారు. (ఆ గుమాస్తా ముక్క చదివినప్పుడల్లా నా చెయ్యి ఓసారి తడుముకునేవాణ్ణి.) టైల్స్ మేస్త్రీకి మోకాలు వంగకపోవడం అంటే ఏమిటో మీరు పైన రెండు వాక్యాల్లో చెప్పేశారు. కేసంతా అదే.

లెక్క చూడండి. నెలకు 18,000 సంపాదన రుజువైందనుకుందాం. 40 ఏళ్ల లోపు సొంత పని చేసుకునేవాళ్లకి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు. 2017 ప్రణయ్ సేథీ తీర్పుది ఆ లెక్క, గాయాల కేసులకీ కలపాలని 2020లో పప్పూ దేవ్ యాదవ్ కేసులో తేలింది. అంటే నెలకు 25,200, ఏడాదికి 3,02,400. మీ అన్న వయసుకి సరళా వర్మ తీర్పు పట్టిక ప్రకారం గుణకం, అంటే ఏడాది సంపాదనను హెచ్చించే అంకె, 16. మొత్తం 48,38,400. ఇందులో 30 శాతం తీసుకుంటే 14,51,520. సంపాదన నష్టం 60 శాతమని ట్రిబ్యునల్‌ను ఒప్పించగలిగితే 29,03,040. మందులు, ఆపరేషన్, రాకపోకలు, మంచంలో ఉన్నన్నాళ్ల కూలి, పడిన బాధ ఇవన్నీ దీనికి అదనం. ఇంత కచ్చితంగా వస్తుందని నేననడం లేదు, రుజువును బట్టే ఏదైనా. కానీ మూడు లక్షలు ఏ లెక్కలోంచి వచ్చిందో ఆయన్నే అడగండి.

ఇంకొకటి. 30 శాతం ఒక్క కాలికా, మొత్తం ఒంటికా అన్నది సర్టిఫికెట్‌లో స్పష్టంగా ఉండాలి. లేకపోతే ఇన్సూరెన్స్ వకీలు ముందు అక్కడే పట్టుకుంటాడు. ఆపరేషన్ చేసిన డాక్టరు వచ్చి సాక్ష్యం చెప్తే ఇంకా మంచిది. వైద్యం చేయని డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్‌ను జడ్జిలు అనుమానంగా చూస్తారు, చూడాలి కూడా.

ఇక లైసెన్స్ సంగతి. ఇక్కడే ఆయన గుట్టు దొరికింది. డ్రైవరుకి లైసెన్స్ లేకపోతే ముందు బాధితుడికి ఇన్సూరెన్స్ కంపెనీ చెల్లించి, తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు ఆదేశిస్తుంటాయి. 2004 స్వరణ్ సింగ్ తీర్పు నుంచి నడుస్తున్న దారి ఇది. అంటే చివరికి జేబుకు చిల్లు పడేది యజమానికి. ఆయన మీ గుమ్మం వదలకపోవడానికి కారణం అది. జాలి కాదు.

హెల్మెట్ లేకపోవడం తప్పే, చలానా కట్టాల్సిన తప్పు. కానీ నిబంధన తప్పినంత మాత్రాన పరిహారం కోయకూడదు, ఆ తప్పు వల్లే ప్రమాదమో గాయమో జరిగిందని చూపాలి అని 2020లో మహమ్మద్ సిద్దిఖ్ కేసులో సుప్రీంకోర్టు అంది. అది బండి మీద ముగ్గురెక్కిన కేసు, సూత్రం మాత్రం ఇక్కడికీ పనికొస్తుంది. హెల్మెట్ పెట్టుకుంటే మోకాలు విరగదా? ఎఫ్‌ఐఆర్ ఆలస్యం ఒక్కదానితో కూడా కేసు పోదు. మనిషి ఆపరేషన్ బల్ల మీద ఉంటే ఇంట్లోవాళ్లు స్టేషన్‌కి పరిగెత్తరని కోర్టులకి తెలుసు. ఆస్పత్రిలో పోలీసు కేసయ్యే గాయాలు రాసుకునే ఎంఎల్‌సీ రిజిస్టర్‌లో ఆ రోజే యాక్సిడెంట్ అని రాసి ఉంటే చాలు, దాని నకలు తీసుకోండి.

అన్నిటికంటే తొందర పడాల్సింది గడువు గురించి. 2022 ఏప్రిల్ 1 నుంచి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలని చట్టంలో ఉంది. మీకు మిగిలింది రెండు నెలలే. వైకల్యం సర్టిఫికెట్ వచ్చాకే వేయాలేమో అని ఆగకండి, అది విచారణలో పెట్టుకోవచ్చు. ప్రమాదం జరిగిన చోటే వేయాలనీ లేదు, మీరుండే చోట ఉన్న ట్రిబ్యునల్‌లోనే వేయొచ్చు.

రవి బాబూ, ఆలస్యమవుతుందన్న మాట కాదనను. అందుకే పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ వేస్తారు.

కత్తెర_సూది

అక్కా, నేను టైలర్‌ని. ఆటో గుద్దడంతో కుడి మణికట్టు పోయింది. నా కేసు గెలిచాను కాబట్టి రెండు మాటలు చెప్తాను.

గుమాస్తా గారు చెప్పిన డాక్టరు సాక్ష్యం నా విషయంలో అక్షరాలా జరిగింది. సర్టిఫికెట్‌లో శాతం చిన్నదే. అవతలి వకీలు లేచి, ఈమె చక్కగా అన్నం తింటోంది, బస్సెక్కుతోంది, ఇక పోయిందేమిటి అన్నాడు. మా డాక్టరు గారు మాత్రం వేళ్ల పట్టు తగ్గింది, మందపాటి బట్ట మీద కత్తెర నొక్కి పట్టలేదు అని చెప్పారు. తీర్పులో ఆ వాక్యం యథాతథంగా వచ్చింది. కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా నొప్పిగా ఉందని ఊరుకోకుండా, గొంతుక్కూర్చోలేకపోతున్నాను, సిమెంటు బస్తా ఎత్తలేకపోతున్నాను అని అన్నయ్య చేత చెప్పించండి. ఓపీ చీటీలో అది రాయమని అడగండి. ఆ చీటీలే తర్వాత మాట్లాడతాయి.

వకీలు గారు వచ్చిన దాంట్లో ఇంత శాతం అంటే ఆలోచించుకోండి. శాతం మీద ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. అయినా అడుగుతారు. ఫీజెంతో ముందే తేల్చుకుని కాగితం మీద పెట్టించుకోండి. ఖాళీ చెక్కులు మాత్రం ఇవ్వకండి. డబ్బు అన్నయ్య సొంత బ్యాంకు ఖాతాలోకే రావాలి.

స్రవంతి_కె

చాలా థాంక్స్ అండీ. అన్నయ్యకి మొత్తం చదివి వినిపించాను. ఆ లైసెన్స్ ముక్క దగ్గర లేచి కూర్చున్నాడు!

కానీ సంపాదన రుజువు ఎలా? జీతం చీటీ లేదు, ఐటీ రిటర్నులు లేవు. సగం కూలి చేతికే ఇచ్చేవారు. సగం ఫోన్‌పేలో. లేబర్ కార్డు ఉంది కానీ రెన్యువల్ చేయించలేదు.

పాత_గుమాస్తా

ఇప్పుడు అసలు చోటికి వచ్చారు. రుజువు లేకపోతే ట్రిబ్యునల్ తనకు తోచిన అంకె వేసుకుంటుంది, చాలాసార్లు కనీస వేతనం దగ్గర ఆగుతుంది. పైన వేసిన లెక్కలో 18,000 బదులు 10,000 పెట్టి చూడండి. అదే 30 శాతానికి 14 లక్షల చిల్లర కాస్తా 8,06,400 అవుతుంది. శాతం గురించి కొట్టుకునేవాళ్లు ఈ చిల్లు చూడరు.

ఫోన్‌పేలో వచ్చింది బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది. ప్రమాదానికి ముందు ఏడాదిది మొత్తం బ్యాంకులో ముద్ర వేయించి తీసుకోండి. లేబర్ కార్డు గడువు అయిపోయినా ఆయన ఆ పనివాడే అని చెప్పడానికి పనికొస్తుంది. పనికి పిలిచిన కాంట్రాక్టరు ఒకరు వచ్చి, రోజుకింత ఇచ్చేవాణ్ణి, ఇప్పుడు పిలవడం లేదు అని బోనులో చెప్పాలి. ఉత్తరం ముక్క రాసిస్తే సరిపోదు, మనిషి రావాలి. వస్తానని చెప్పి రోజున మొహం చాటేసేవాళ్లే ఎక్కువ, అందుకని ఇద్దర్ని అడిగి ఉంచుకోండి. ఆయన వేసిన టైల్స్ ఫొటోలు ఫోన్‌లో ఉంటే చెరపకండి.

పిటిషన్‌లో అడిగే మొత్తం గురించి మరీ మథనపడక్కర్లేదు. అడిగిన దానికంటే ఎక్కువైనా న్యాయమైన పరిహారం ఇవ్వొచ్చని నాగప్ప కేసులోనే తేలింది. వకీలుకి డబ్బు కట్టుకోలేమనుకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, ఆదాయ పరిమితిలో ఉన్నవాళ్లకీ వైకల్యం ఉన్నవాళ్లకీ ఉచితంగా వకీలుని ఇస్తారు.

స్రవంతి_కె

ఇందాకే ఆయన మళ్లీ ఫోన్ చేశాడు. సంతకం పెట్టం అనగానే, సరే లోక్ అదాలత్‌లో పెట్టుకుందాం అన్నాడు. అది మంచిదేనా?

పాత_గుమాస్తా

లోక్ అదాలత్ చెడ్డదేం కాదమ్మా, త్వరగా తేలుతుంది. కానీ అక్కడ రాజీ పడితే దాని మీద అప్పీలు లేదు. వైకల్యం ఎంతో తేలకముందే వెళ్తే మళ్లీ ఆ మూడు లక్షల దగ్గరే కూర్చోబెడతారు. ముందు పిటిషన్ పడనివ్వండి, ఇన్సూరెన్స్ కంపెనీకి నోటీసు వెళ్లనివ్వండి, సర్టిఫికెట్ చేతికి రానివ్వండి. అప్పుడు కంపెనీ వాళ్లే ఎంతిస్తారో చెప్తే వినొచ్చు.

కాల్లో ప్లేటు తర్వాత తీయాలేమో డాక్టరు గారిని అడిగారా? తీయాలంటే ఖర్చు అంచనా ఇప్పుడే రాయించుకోండి, ముందు ముందు చేయాల్సిన వైద్యం కింద అదీ అడగొచ్చు.

స్రవంతి_కె

తీయాలన్నారు అండీ, ఏడాది దాటాక. సోమవారం ఓపీకి వెళ్తున్నాం, రాయించుకుంటాను.