బస్సు పడని అమ్మతో రావెల్లో ఊరికి వెళ్లొచ్చా?

ఇటలీలో అమాల్ఫీ తీరం చూస్తున్నాం. మొన్న సొరెంటోలో బస్సెక్కితే పొసిటానో రాకముందే అమ్మకు వాంతులు. ఒకపక్క కొండ, ఇంకోపక్క కింద సముద్రం, మలుపు మలుపుకీ హారన్. అరగంట ముందే అవోమిన్ వేసుకుంది, ముందు సీట్లోనే కూర్చుంది, నిమ్మకాయ వాసన చూస్తూనే ఉంది. ఏదీ పనిచేయలేదు. (ఇక్కడి నిమ్మకాయలు మన బత్తాయిలంత ఉన్నాయి, అయినా లాభం లేదు!)

నిన్న సలెర్నో నుంచి అమాల్ఫీకి పడవలో 35 నిమిషాలు, హాయిగా వచ్చింది. కానీ రావెల్లో ఊరు కొండ మీద, సముద్రానికి దాదాపు 350 మీటర్ల పైన ఉంది, మెట్లదారి అమ్మ మోకాళ్లకు కుదరదు. మిగిలింది బస్సే, సుమారు 25 నిమిషాలు.

ఇలా బస్సు పడనివాళ్లతో వెళ్లినవాళ్లు చెప్పండి: పొసిటానో రోడ్డుతో పోలిస్తే అమాల్ఫీ నుంచి రావెల్లోకి ఎక్కే రోడ్డు నయమా, ఇంకా ఘోరమా?