“ఝితియే మయో”: యాకిన్ చెప్పుకున్నది బతుకునా, చరితమునా?

ప్రశ్న:
లియొనీద్ గైదాయ్ 1973లో తీసిన “ఇవాన్ వసీల్యెవిచ్ వృత్తి మార్చుకున్నాడు” చిత్రంలోని ఒక మాట నన్ను వదలడం లేదు. కాలయంత్రం పుణ్యమా అని మాస్కో ఫ్లాటులోకి వచ్చిపడిన పదహారవ శతాబ్దపు రష్యా జార్ ఇవాన్ గ్రోజ్నీ ఎదుట, సినీదర్శకుడు యాకిన్ ప్రాణభయంతో వచ్చీరాని స్లావోనిక్ (రష్యన్ చర్చి ఆరాధనలో వాడే పాతభాష) మాట్లాడుతూ “నా...” అని ఏదో చెప్పబోతాడు. “ఏమిటిరా నీ ఆ..., కంపు కుక్కా!” అని జార్ విరుచుకుపడతాడు. ఆ పదం “ఝిత్యో”నా, “ఝితియే”నా? మొదటిదైతే రోజువారీ బతుకు, రెండోదైతే పుణ్యపురుషుల చరిత్ర.

మొదటి సమాధానం:
“ఝితియే”నే. జార్‌గా నటించిన యూరీ యాకవ్లెవ్ అదే పదాన్ని తిరిగి ఎత్తి పలుకుతాడు కాబట్టి అక్షరం గురించి సందేహం అక్కరలేదు. జార్ కోపానికి కారణం కూడా ఆ అక్షరమే. పాల్కురికి సోమన పండితారాధ్యునికి వాడిన “చరిత్రము” అన్న మాటను ఒక లంపటుడు తనకు తగిలించుకుంటే భక్తుడికి ఎలా ఉంటుందో, ఇక్కడ జార్‌కూ అలాగే ఉంది.

రెండవ సమాధానం:
అయ్యా, మీ అర్థం మరీ ఇరుకైనది. స్లావోనిక్ బైబిలులో ఫిలిప్పీయులకు రాసిన పత్రిక “మన ఝితియే పరలోకమందున్నది” అంటుంది. అక్కడ ఎవరి జీవితచరిత్రా లేదు. పదిహేడవ శతాబ్దంలో అవ్వాకుమ్ అనే రష్యన్ అర్చకుడు పుస్తొజెర్స్క్ చెరలో కూర్చుని తన “ఝితియే”ను తానే రాసుకున్నాడు. పదహారవ శతాబ్దపు జార్ చెవికి ఆ మాట “నడత” అనే వినిపించి ఉండాలి. ఆ వెంటనే “నిన్ను నువ్వొకసారి చూసుకో” అనడం నడతకే అతుకుతుంది.

మూడవ సమాధానం:
ఆ పదం యాకిన్ నోటికి ఎక్కడి నుంచి వచ్చిందో ఇద్దరూ అడగలేదు. పక్కనున్న నటి జినయీద “పాకి” అని అందిస్తుంది. అది ఆరాధనలో “మరల మరల శాంతితో ప్రభువును ప్రార్థింతము” అన్న పిలుపులోని “మరల”. ఆ తరువాత “ఇఝే ఖెరువీమి” అని యాకిన్ తనంతట తానే అందుకుంటాడు. అది ఆరాధనలో పాడే కెరూబుల (దేవదూతల) స్తోత్రపు తొలి పలుకు. అదే స్తోత్రం కొంత ముందుకు పోయాక “ఝితెయ్‌స్కొయె”, అంటే ఐహికమైన, చింతలన్నీ విడిచిపెడదామంటుంది. కాబట్టి “ఝితియే” ఆ స్తోత్రం నుంచే జారిపడిందని నా నమ్మకం. మూలనాటకం రాసిన బుల్గాకొవ్ తండ్రి కీవ్ వేదాంత విద్యాలయంలో ఆచార్యుడు, తాతలిద్దరూ అర్చకులు. 1936లో ప్రదర్శనకు ముందే నిషేధానికి గురై, 1965 దాకా అచ్చు కాని ఆ నాటకంలో తప్పు స్లావోనిక్‌ను సైతం ఆయన తెలిసే కూర్చాడు.

మొదటివారు తిరిగి:
అమ్మా, ఊహ అందంగా ఉంది గాని, యాకిన్ పలికే “వెల్మి పొనెఝే”ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మన గ్రాంథికంలో అది “మిక్కిలి ఏలయన” అవుతుంది. ఏ స్తోత్రంలోనూ ఆ జంట కుదరదు. పాతవాసన ఉన్న మాటలను అతను దొరికినవి దొరికినట్లు ఏరుకుంటున్నాడు. అలాంటి మాటలే పుష్కిన్ చేతిలో ఏమవుతాయో 1826 నాటి “ప్రవక్త”లో చూడండి: “లెమ్ము, ప్రవక్తా, కనుము, వినుము” అన్న పాదంలో “వీఝ్ద్”, “వ్నెమ్లి” అనే రెండు స్లావోనిక్ విధిరూపాలే దేవుని కంఠానికి బరువునిచ్చాయి. రష్యన్ కవిత్వంలో అంతకు మించిన పాదాన్ని నేను చదవలేదు.

ప్రశ్న వేసినవారు:
పుష్కిన్ గురించి నాకు భేదాభిప్రాయం లేదు. అయితే ప్రార్థనల్లో “మా జీవితకాలం” అనవలసినచోట “ఝివోత్” ఉంటుంది. నేటి రష్యన్‌లో ఆ మాటకు పొట్ట అని అర్థం. యాకిన్‌కు గుడి భాష చెవిన పడి ఉంటే అదీ పడి ఉండాలి. దాన్ని వదిలి “ఝితియే”నే ఎంచుకున్నాడంటే, పెద్దమాట కోసం వెతికాడనే అనిపిస్తోంది.

రెండవవారు:
వెతికినవాడు యాకిన్; కోప్పడినవాడు జార్. ఇద్దరూ ఒకే అర్థంలో ఆ మాటను విన్నారని మీరెందుకు అనుకుంటున్నారు?