పార్టీ మారిన ఎమ్మెల్యేపై తీర్పు చెప్పాల్సింది స్పీకరా, కోర్టా?

నకిరేకల్ ఓటరు:
పార్టీ మారిన పదిమంది ఎమ్మెల్యేల అనర్హత పిటిషన్లను మూడు నెలల్లో తేల్చాలని 2025 జూలై 31న సుప్రీంకోర్టు మన తెలంగాణ శాసనసభ స్పీకర్‌ను ఆదేశించింది. అక్టోబరు 31 దాటినా అన్నీ తేలలేదు. చట్టం చేసేవారు వేరు, అమలు చేసేవారు వేరు, తీర్పు చెప్పేవారు వేరు అని బడిలో చదువుకున్నాం. మరి ఈ తీర్పు సభలోని మనిషి చేతికి ఎందుకు వెళ్ళింది?

పాలమూరు వకీలు:
1985లో 52వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిషేధ చట్టం, ఈ పని స్పీకర్‌కు ఇచ్చింది కాబట్టి. 1992లో కిహోటో కేసులో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. అయితే ఈ పని చేసేటప్పుడు స్పీకర్ ఒక ట్రిబ్యునల్, అంటే కోర్టులాంటి తీర్పరి అని, ఆయన నిర్ణయాన్ని కోర్టులు సమీక్షించవచ్చని చెప్పింది. చిక్కంతా ఇక్కడే. నిర్ణయం వెలువడితేనే కదా సమీక్ష! ఫైలు కదలకపోతే ఐదేళ్ళు ఇట్టే గడిచిపోతాయి. స్పీకర్ ఒక పార్టీ టికెట్టు మీద గెలిచిన మనిషి, రేపు మళ్ళీ ఆ టికెట్టే కావాలి. రిటైరైన న్యాయమూర్తి అధ్యక్షతన శాశ్వత ట్రిబ్యునల్ గురించి ఆలోచించమని 2020లో మణిపూర్ కేసులోనే సుప్రీంకోర్టు పార్లమెంటుకు సూచించింది. ఎవరూ పట్టించుకోలేదు.

మూసీ రైతు:
వకీలు గారూ, స్పీకర్‌ను సభ ఎన్నుకుంది, సభను మేము ఎన్నుకున్నాం. నచ్చకపోతే ఓడిస్తాం. జడ్జిని ఏం చేయగలం?

సాగర్ ఎడమకాలువ:
2019 జూన్ మరిచారా? 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో కలిస్తే విలీనమని స్పీకర్ వెంటనే ఒప్పుకున్నారు. అప్పుడు లేని ఆలస్యం ఇప్పుడెందుకు?

మూసీ రైతు:
గెలిచింది 19 మంది. విలీనమై అనర్హత తప్పాలంటే మూడింట రెండు వంతులు, అంటే 13 కావాలి. 12 ఎలా సరిపోయింది?

పాలమూరు వకీలు:
ఉత్తమ్‌కుమార్ రెడ్డి నల్లగొండ ఎంపీగా గెలిచి హుజూర్‌నగర్ సీటు వదులుకున్నారు. మిగిలింది 18. అందులో 12 సరిగ్గా సరిపోయింది.

మూసీ రైతు:
ప్రజలు గెలిపించింది 19 మందిని. లెక్క అక్కడి నుంచే వేయాలి.

నకిరేకల్ ఓటరు:
ఆ 12 మందిలో మా ఎమ్మెల్యే ఉన్నారు. 2018 డిసెంబరులో మా అమ్మను నడిపించుకుని వెళ్ళి ఇద్దరం చేయి గుర్తుకు వేశాం. ఆరు నెలలు తిరగకముందే ఆ రెండు ఓట్లు అవతలి పార్టీకి వెళ్ళాయి. మమ్మల్ని అడిగినవారు లేరు.

మూసీ రైతు:
నేనైతే మనిషికి వేస్తాను, గుర్తుకు కాదు. నా సంగతి వినండి. భూరికార్డుల ప్రక్షాళనలో సర్వే నంబరు అంకె తప్పు పడి రెండెకరాల పది గుంటలకు పాసుపుస్తకం ఆగింది. హైకోర్టులో గెలిచాను. ఆ ఉత్తర్వును ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని పద్నాలుగు నెలలు మండల కార్యాలయానికి తిరిగాను. మడతల దగ్గర చిరిగిపోతే టేపు అంటించాను. మా ఎమ్మెల్యే అధికార పార్టీలో చేరాక ఒక్క ఫోను చేశారు, వారంలో పాసుపుస్తకం వచ్చింది. ఆయన పార్టీ మారకపోతే ఆ ఫోను ఎవరు ఎత్తేవారు?

పాలమూరు వకీలు:
నేను భయపడేదే మీరు చెబుతున్నారు. ప్రభుత్వాన్ని నిలదీయాల్సిన సభ్యుడు ప్రభుత్వంలోనే కలిసిపోతే అడిగేదెవరు? అయినా పద్నాలుగు నెలలు ఊరికే ఎందుకు తిరిగారు? ఉత్తర్వు అమలు చేయకపోతే కోర్టు ధిక్కార పిటిషన్ ఏడాదిలోపు వేయాలి. ఆ మాత్రం తెలుసుకోవలసింది.

మూసీ రైతు:
మొదటి కేసు ఫీజుకే పాడి గేదెను అమ్మాను. రెండో కేసుకు అమ్మడానికి ఏముంది? కోర్టు మెట్లెక్కి ఉత్తి కాగితంతో దిగినవాడికి మీరు పాఠాలు చెప్పకండి!

దేవరకొండ టీచర్:
ఇద్దరూ కాస్త తగ్గండి.

పాలమూరు వకీలు:
ఆ మాట అని ఉండకూడదు, క్షమించండి. కానీ ఇంతసేపూ మనం స్పీకరా కోర్టా అని కొట్టుకున్నాం. ఎవరు తేల్చినా మీకు పట్టింపు లేదు, పని జరిగితే చాలు. ఫోను చేసేవారు లేని మనిషి గతి ఏమిటన్నది నా బాధ.

నకిరేకల్ ఓటరు:
రైతు గారూ, అదే తప్పు పడినవారు మీ ఊళ్ళో ఇంకెవరైనా ఉన్నారా?

మూసీ రైతు:
ఉన్నాడు. మా గట్టు పక్క రైతే. అదే హైకోర్టు, అలాంటి ఉత్తర్వే. అతను వేరే పార్టీ జెండా మోసినవాడు. ఇంతవరకు పాసుపుస్తకం రాలేదు, రైతు భరోసా డబ్బులూ పడలేదు. నిన్న ఉదయం కూడా సంచి పట్టుకుని బస్సు ఎక్కుతుంటే చూశాను.