‘బీభత్సం’ అంటే రోతా, బుగులా, మెప్పా?

సభ్యులందరికీ నమస్కారం. నల్లగొండలో మేము పదిమందిమి కలిసి నెలకొక పుస్తకం చదివి, ఎవరి అభిప్రాయం వారు ఒక నోటుపుస్తకంలో రాస్తాము. ఈ నెల చదివినది జాంబీల నవల. చచ్చినవారు లేచి బతికి ఉన్నవారిని కొరుక్కుతినడం, నగరం మూడు వారాలలో పాడుపడడం, ఒక పాఠశాల భవనంలో తలుపులు బిగించుకున్న కొద్దిమంది ఒకరి తరువాత ఒకరు పోవడం అందులోని కథ. నెత్తురు, పేగులు, కుళ్ళిన మాంసం కనిపించని పుటలు వెతుక్కోవలసినంత తక్కువ.

నోటుపుస్తకం తిరగేస్తే ముగ్గురి అభిప్రాయాలలో ఒకే వాక్యం కనిపించింది: “నవల బీభత్సంగా ఉంది.” ఎవరి ఉద్దేశం ఏమిటో ఒక్కొక్కరినీ అడిగాను. డిగ్రీ చదువుతున్న తమ్ముడు ఆ మాటను మెప్పుగా రాశాడు. అంత బాగుంది అని అతని భావం. అంగన్‌వాడీ టీచరుగా పనిచేసే అక్క నలభయ్యో పుటలో కడుపులో తిప్పి పుస్తకం మూసివేసింది. ఆమె రాసినది అసహ్యం. విద్యుత్తు శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి నగరం నాశనమైన తీరును తలచుకొని రాశారు. ముగ్గురూ మూడు సంగతులు చెప్పదలచి ఒకే మాట వాడారు, చదివిన నాకు ఒక్కటీ అందలేదు. ఒక పుస్తకం గురించి పదిమందికి చెప్పడానికి రాసిన వాక్యం ఏమీ చెప్పకుండా మిగిలిపోవడం నాకు బాధ కలిగించింది. ఈ మాటకు అసలు అర్థం ఏమిటో, ఇటువంటి నవల గురించి రాసేటప్పుడు దానిని ఎట్లా వాడితే బాగుంటుందో పెద్దలు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మహబూబ్‌నగర్ నుంచి, విశ్రాంత తెలుగు పండితులు

మంచి ప్రశ్న వేశారు. బధ్ అనే సంస్కృత ధాతువుకు సన్ అనే ప్రత్యయం చేరి ‘బీభత్స’ ఏర్పడుతుంది. ఇటువంటి రూపాల కోసమే వ్యాకరణకర్త పాణిని ‘మాన్బధదాన్శాన్భ్యో దీర్ఘశ్చాభ్యాసస్య’ అనే సూత్రం చేశాడు. ‘బీభత్స’కు అర్థం అసహ్యించుకోవడం, అంటే చూసిన దాని నుంచి మనసు ముడుచుకొని వెనుకకు పోవడం. ఈ మాట మనకు దూరమైనదేమీ కాదు. ఉరుము ఉరిమినప్పుడు మన ఇండ్లలో “అర్జునా, ఫల్గుణా” అని తలచుకుంటాము కదా, అర్జునుని ఆ పది పేర్లలో ‘బీభత్సుడు’ ఒకటి. విరాటపర్వంలో ఉత్తరుడు ఆ పేర్లకు కారణాలు అడిగితే, యుద్ధం చేసేటప్పుడు బీభత్సమైన పని ఎన్నడూ చేయను కనుక తనకు ఆ పేరు వచ్చిందని అర్జునుడు చెపుతాడు. అంటే రోత పుట్టించే పనికి రోయువాడు బీభత్సుడు. తరువాత కురుక్షేత్ర యుద్ధంలో దుశ్శాసనుని రొమ్ము చీల్చి నెత్తురు తాగినవాడు అర్జునునికి అన్నే.

మీ నవలకు సూటిగా తగిలే శ్లోకం భరతుని నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో ఉన్నది:

శృంగారాద్ధి భవేద్ధాస్యో రౌద్రాచ్చ కరుణో రసః
వీరాచ్చైవాద్భుతోత్పత్తిర్బీభత్సాచ్చ భయానకః

శృంగారం నుంచి హాస్యం, రౌద్రం నుంచి కరుణ, వీరం నుంచి అద్భుతం, బీభత్సం నుంచి భయానకం పుడుతాయని దీని అర్థం. ఇవి రసాలు, అంటే కావ్యం మనలో కలిగించే అనుభూతులు. బీభత్సానికి స్థాయీభావం, అంటే మూలంలో ఉండే భావం, జుగుప్స (రోత), భయానకానికి భయం. రెండింటినీ ఒకటిగా కలపకూడదు, అట్లాగని పూర్తిగా విడదీయనూ కూడదు. తల్లీబిడ్డల వంటివి అవి. భరతుడు మరొక అడుగు వేసి, నెత్తురు మొదలైన వాటి వల్ల పుట్టే బీభత్సాన్ని క్షోభజమని, మలమూ పురుగులూ చూసినప్పుడు పుట్టే దానిని ఉద్వేగి అని వేరుచేశాడు. మీరు చెప్పిన పుస్తకంలో మొదటిది పుష్కలంగా ఉండి ఉంటుంది. ఇంకొక చిన్న సంగతి. ఇటువంటి పుస్తకాల అట్టలన్నీ ఎర్రగా ఉంటాయి, కాని భరతుడు ఎరుపును రౌద్రానికి ఇచ్చి బీభత్సానికి నీలం ఇచ్చాడు. కమిలిన ఒంటినీ, రెండు రోజులు నిలువ ఉన్న శవాన్నీ చూసినవారికి ఆ రంగు ఎంత సరిపోయిందో తెలుస్తుందని నేను అనుకుంటాను.

దేవరకొండ నుంచి, ఒక సభ్యురాలు

సార్, మీరు చెప్పిన రెండు రసాలకు మన మాటలు ఇంటిలోనే ఉన్నాయి. బీభత్సం కలిగించేది ‘రోత’, భయానకం కలిగించేది ‘బుగులు’. మా నాయనమ్మ మురికి కాలువ పక్కన కుక్క కళేబరాన్ని చూస్తే “రోత పుడుతుంది” అనేది, చీకటిలో బొందలగడ్డ దాటవలసి వస్తే “బుగులైతున్నది” అనేది. ఒకదాని బదులు ఇంకొకటి అనగా నేను ఎన్నడూ వినలేదు. కడుపులో తిప్పడానికి ‘ఎలపరం’ అనే మాట ఉన్నది, అది రోత కంటే ఒక మెట్టు పైన, వాంతికి ఒక మెట్టు కింద ఉంటుంది. ‘గలీజు’ అనే మాట కూడా రోతకు దగ్గరిదే కాని, అందులో తిట్టు కలిసి ఉన్నది. శవాన్ని గలీజు అనము, గలీజు చేసిన మనిషిని అంటాము. నలభయ్యో పుటలో పుస్తకం మూసివేసిన అక్కగారికి కలిగినది ఎలపరం. ఆమె ఆ ఒక్క మాట రాసి ఉంటే ఎవరూ అర్థం అడుగవలసి వచ్చేది కాదు.

మిర్యాలగూడ నుంచి, పత్రికలో పనిచేసే సభ్యుడు

పెద్దల మాటను గౌరవిస్తూనే ఒక అభ్యంతరం చెపుతాను. ‘వడగళ్ల వాన బీభత్సం’, ‘మద్యం మత్తులో కారు బీభత్సం’ వంటి శీర్షికలు నేనే ఎన్నోసార్లు పెట్టాను. చదివినవారిలో ఎవరూ వడగళ్లను చూసి రోత పుట్టిందని అనుకోలేదు, విధ్వంసమనే అర్థం చేసుకున్నారు. పదిమంది ఒప్పుకున్న అర్థమే మాటకు అర్థం. కుర్రవాళ్లు మెప్పుగా వాడడం కూడా అటువంటిదే. భయంకరంగా నవ్వాము, ఘోరంగా ఆకలైంది అని మనమూ అంటాము కదా. ధాతువును చూపి వాడుకను ఆపడం సాధ్యమయ్యే పని కాదు.

నల్లగొండ నుంచి, చర్చ ప్రారంభించిన సభ్యుడు

పత్రికలో పనిచేసే తమ్ముడు చెప్పినదానిలో సగం ఒప్పుకుంటాను. వడగళ్ల వాన శీర్షికను మార్చమని నేను అడుగను. యుద్ధభూమి చూస్తే కలిగే రోతకు పెట్టిన పేరు ఆ భూమి పాడుపడిన స్థితికీ, అక్కడి నుంచి ఏ విధ్వంసానికైనా పాకి ఉంటుందని నాకు తోస్తున్నది, ఆ దారి సహజమైనదే. కాని పుస్తకం గురించిన అభిప్రాయంలో సంగతి వేరు. అక్కడ బీభత్సం ఒక రసం పేరు, అంటే పనిముట్టు పేరు. వడ్రంగి ఉలినీ బాడిసనూ ఒకే పేరుతో పిలిస్తే పక్కవాడు ఏది అందించాలి? నెత్తుటి నవలలో రచయిత మనకు రోత పుట్టించాడా, భయం పుట్టించాడా, రోత నుంచి భయానికి తీసుకుపోయాడా, రోత దగ్గరే వదిలేశాడా అన్నవే తేల్చవలసిన ప్రశ్నలు. నాలుగింటికీ ‘బీభత్సంగా ఉంది’ అని రాస్తే నవల మంచిచెడ్డలు చెప్పనట్టే.

నా వరకు ఆ నవల మొదటి సగంలో రోత దగ్గరే ఆగిపోయింది. రచయిత ప్రతి గాయాన్నీ వర్ణించాడు, పదవ గాయానికి నా మనసు మొద్దుబారింది. పాఠశాల ఘట్టంలో మాత్రం ఒక తల్లి, లేచి తిరుగుతున్న తన బిడ్డ చొక్కా గుండీలు కిటికీ ఊచల నుంచి చేయి చాచి పెట్టబోతుంది. అక్కడ నెత్తురు ఒక్క చుక్క లేదు, నేను భయపడినది మాత్రం అక్కడే.

మహబూబ్‌నగర్ నుంచి, పండితులు

మీరు చెప్పిన తేడాను సంస్కృత నాటకకర్త భవభూతి ఒక్క శ్లోకంలో చూపించాడు. మాలతీమాధవం అయిదవ అంకంలో మాధవుడు శ్మశానంలో చూసిన దృశ్యం అది, అలంకారికుడు మమ్మటుడు తన కావ్యప్రకాశంలో బీభత్సానికి ఉదాహరణగా తీసుకున్నది కూడా దానినే. ఒక ప్రేతం ముందు చర్మం చీల్చి, తరువాత భుజాల మీదా వీపు మీదా సులభంగా దొరికే కుళ్ళిన మాంసం తిని, కండ్లు తిప్పుతూ, పండ్లు బయటపెట్టి కూర్చుంటుంది. చివరి పాదం చూడండి:

అంకస్థాదస్థిసంస్థం స్థపుటగతమపి క్రవ్యమవ్యగ్రమత్తి

ఒడిలోని కళేబరంలో ఎముకను అంటుకొని, సందులలో ఇరుక్కున్న మాంసాన్ని కూడా అది తొందర లేకుండా తింటున్నది. అంతవరకు ఉన్నదంతా రోత. ‘అవ్యగ్రం’ అన్న మాట దగ్గర రోత భయమవుతుంది, ఎందుకంటే తొందరపడని ఆకలికి అంతం కనపడదు. దానికి ముందే కవి ఆ ప్రేతాన్ని ‘ప్రేతరంకః’ అన్నాడు. రంకుడంటే కూటికి లేని దరిద్రుడు. ఆ ఒక్క మాటతో జాలి కూడా చేరింది. వెయ్యేండ్లకు పైబడిన ఈ శ్లోకంలో తిరిగే కండ్లూ బయటపడిన పండ్లూ చూస్తే, మీ జాంబీలు మనకు అంత కొత్తవి కావని అనిపిస్తుంది.

సూర్యాపేట నుంచి, ఒక సభ్యుడు

అట్లయితే జాంబీని ప్రేతం అనవచ్చునా? కూడదని నా అభిప్రాయం. ప్రేతమంటే ధాతువు ప్రకారం ‘వెళ్ళిపోయినది’, జాంబీ వెళ్ళిపోనిది. బేతాళుడు కూడా సరిపోడు. అతడు శవంలో దూరినా కథలు చెప్పి, చిక్కు ప్రశ్నలు వేసే బుద్ధిశాలి. జాంబీకి మాటా లేదు, బుద్ధీ లేదు.

అసలు ఈ మాట పుట్టిన చోటును తలచుకోవాలి. ఇది హైతీ దేశపు చెరకు తోటలలో, ఆఫ్రికా నుంచి పట్టితెచ్చిన బానిసల నోట పెరిగిన మాట. అక్కడి వారి భయం కరిచే శవం గురించి కాదు, చచ్చినా చాకిరి తప్పదేమోనని. మంత్రగాడు శవాన్ని లేపి పొలంలో పని చేయిస్తాడని. ఆ బానిసలే తిరుగబడి 1804లో స్వతంత్ర దేశం స్థాపించుకున్నారు. మాంసం తినే గుణం తరువాత అమెరికాలో తగిలించినది, 1968లో వచ్చిన ఒక సినిమాతో అది స్థిరపడింది. ఆ సినిమాలో జాంబీ అన్న మాట ఒక్కసారి కూడా వినిపించకపోవడం విశేషం. వెట్టిచాకిరి మీద తిరుగబడిన నల్లగొండ జిల్లాలో పుట్టిన నాకు హైతీ వారి భయం వెంటనే అర్థమయింది. పాత అర్థానికి ‘వెట్టిపీనుగ’ అంటే సరిపోతుంది, కాని ఇప్పటి నవలలలోని దానికి జాంబీ అన్న మాటనే ఉంచుకుందాము.

నల్లగొండ నుంచి, చర్చ ప్రారంభించిన సభ్యుడు

‘వెట్టిపీనుగ’ను నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఈ చర్చను మా ముగ్గురికీ చదివి వినిపించి, వారి వాక్యాలను తిరిగి రాయమని కోరాను. అక్క ‘ఎలపరం’ అన్న మాటను సంతోషంగా తీసుకున్నది, పుస్తకాన్ని నలభయ్యో పుట నుంచి మళ్ళీ తెరిచే ఉద్దేశం మాత్రం లేదని కూడా రాసింది. పెద్దాయన తన బీభత్సాన్ని కొట్టివేసి ‘నగరం పాడుపడిన తీరు’ అని పెట్టారు. డిగ్రీ తమ్ముడు రెండు రోజులు తీసుకొని రాసిన వాక్యం ఇది: “నూరు పుటలు రోతగా ఉన్నది, చదువుతూ పోయాను, గుండీలు పెట్టే తల్లి దగ్గర బుగులైంది, ఆ రాత్రి దీపం ఆర్పలేదు.”