హెడ్‌రూమ్‌ను ‘దమ్ము’ అనొచ్చా?

మిర్యాలగూడ సభ్యుడి ప్రశ్న: ఇంట్లో హోమ్ థియేటర్‌కు పవర్ ఆంప్లిఫయర్ చూస్తున్నాను. ఎక్కడ చదివినా హెడ్‌రూమ్, హెడ్‌రూమ్ అంటున్నారు. తెలుగులో దీనికి మాట ఉందా? ఒకాయన ‘శిరోవకాశం’ అన్నారు. నాకైతే హెల్మెట్ గుర్తొచ్చింది.

నా జవాబు: శిరోవకాశం వద్దు లెండి, దుకాణంలో అడిగితే నవ్వుతారు. మా నల్లగొండ దిక్కు మైకుసెట్టు వాళ్లది ఒక్కటే మాట: “మిషన్‌కు దమ్ము చాలతలేదు.” నా లెక్కన హెడ్‌రూమ్ అంటే ఆ దమ్మే: మామూలు వాడకానికి మించి ఆంప్లిఫయర్ దగ్గర మిగిలి ఉండే పవర్.

సినిమాలో మామూలు మాటలు నడిచేటప్పుడు ఒక్కో స్పీకర్‌కు అర వాట్ కూడా పోకపోవచ్చు. అంతలో బాంబు పేలుతుంది. శబ్దం 20 డెసిబెల్స్ లేచిందంటే కావలసిన పవర్ 100 రెట్లు, అంటే అర వాట్ కాస్తా 50 వాట్లు. ఆ రెప్పపాటుకు అందించగలిగేదే దమ్ము. 30 వాట్ల ఆంప్లిఫయర్ అయితే అల పైభాగం కోసేసినట్టు చదునైపోతుంది. “సౌండ్ పగులుతుంది” అనేది దాన్నే. డిస్టార్షన్‌కు పుస్తకాల్లో రాసే ‘వక్రీకరణ’ కన్నా ఇది చెవికి దగ్గరి మాట. ఆ పగులులో పుట్టే హై ఫ్రీక్వెన్సీలన్నీ ట్వీటర్ మీద, అంటే డబ్బాలో సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్ మీద పడతాయి. పెద్ద ఆంప్లిఫయర్ పెడితే స్పీకర్ కాలుతుందని అందరికీ భయం గానీ, చిన్నదాన్ని పగిలేదాకా తిప్పినా ట్వీటర్ పోతుంది.

దేవరకొండ సభ్యురాలు: అన్నా, ఒక చిక్కుంది. భువనగిరి గుట్ట సగం ఎక్కేసరికి “దమ్మొస్తున్నది” అంటాం. అది ఆయాసం కదా? మీరేమో దమ్ము అంటే సత్తువ అంటున్నారు.

నా జవాబు: మంచి పాయింట్ పట్టారమ్మా. పారసీలో ‘దమ్’ అంటే ఊపిరి, ఉర్దూ మీదుగా మనకొచ్చింది. మనం క్రియను బట్టి అర్థం మార్చుకున్నాం. దమ్ము ఉంటే సత్తువ, దమ్ము వస్తే ఆయాసం, దమ్ము కొడితే సిగరెట్టు. ఆంప్లిఫయర్‌కూ ఇదే వ్యాకరణం: హెడ్‌రూమ్ ఉంటే దమ్మున్నది, క్లిప్పింగ్, అంటే ఇందాకటి అల కోత, మొదలైతే దానికి దమ్మొచ్చింది. ఒక్క మాటతో రెండూ తేలిపోయాయి.

నాగర్‌కర్నూల్ సభ్యుడు: అయితే 80 వాట్లది మాని 100 వాట్లది తీసుకుంటే దమ్ము పెరిగినట్టేనా సార్?

నా జవాబు: పెరిగేది ఒక్క డెసిబెలే, చెవికి తెలిసీ తెలియనట్టు ఉంటుంది. పవర్ రెట్టింపు చేసినా వచ్చేది 3 డెసిబెల్స్. అదే తేడా స్పీకర్‌లోనూ దొరుకుతుంది: సెన్సిటివిటీ అంటే అంతే పవర్‌కు స్పీకర్ ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే అంకె, అది 87 డెసిబెల్స్ ఉన్నదాని బదులు 90ది తీసుకుంటే 50 వాట్లే 100 వాట్ల పని చేస్తాయి. అందుకే ముందు స్పీకర్ కాగితం చూడండి, ఆంప్లిఫయర్ తర్వాత.

మిర్యాలగూడ సభ్యుడు: మరి దుకాణంలో ఏమని అడగాలి? “దమ్మెంత?” అనాలా?

నా జవాబు: అనండి, తప్పేం లేదు. ఆయన పీఎంపీఓ అంకె, అంటే రెప్పపాటు పవర్‌ను ఉబ్బించి చెప్పే లెక్క, చెబితే వినకండి, అందులో దమ్ము లేదు. 8 ఓమ్స్ (స్పీకర్ కరెంట్‌ను ఎంత అడ్డుతుందో చెప్పే కొలత) దగ్గర, అన్ని చానెళ్లూ, అంటే ఒక్కో స్పీకర్‌కు పోయే దారులన్నీ, ఒకేసారి నడిస్తే ఆర్ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు, ఎన్ని అని అడగండి. డబ్బా మీద వేసే అంకె చాలాసార్లు ఒకటి రెండు చానెళ్లే నడిపి కొలిచింది. మీ స్పీకర్లు 4 ఓమ్స్‌వైతే అది కూడా ముందే చెప్పండి, కరెంట్ ఎక్కువ లాగుతాయి. సబ్‌వూఫర్, అంటే బేస్ కోసం ఉండే పెద్ద స్పీకర్, సొంత ఆంప్లిఫయర్ ఉన్నదే తీసుకోండి. బరువైన బేస్ అటు పోతే మిగతా చానెళ్లకు దమ్ము మిగులుతుంది.